తప్పినవాడు మాట్లాడకూడదు

మొన్న ఫోను మార్చాను. పాతదానిలో ఉన్నవన్నీ కొత్తదానిలోకి తెచ్చుకుంటుంటే, మర్చిపోయిన అలారాలు కూడా వెంట వచ్చేశాయి. ప్రతిదానికీ పేరు పెట్టుకోవడం నా అలవాటు. మొదటి అలారం పేరు ‘లే’. రెండోది ‘నిజంగా లే’. మూడోది ‘తాత చెప్పులు వేసుకున్నాడు’. ఆఖరిది ‘తాత మెట్లెక్కుతున్నాడు’. అనవసరమైనవి తీసేయమంటారా అని కొత్త ఫోను మర్యాదగా అడిగింది. వేలు అక్కడే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తాత నాకు చుట్టం కాదు. చాంద్రాయణగుట్టలో మా చర్చి సంఘంలో అందరికంటే పెద్దవాడు. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అయితే ఆయన రిటైరైన సంగతి డిపోకి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు, ఆయనకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఖాకీ చొక్కా మానలేదు. ఎక్కడ కూర్చున్నా కుడికాలు కొంచెం ముందుకు పెట్టి, ఎదురుగా లేని బ్రేకు మీద ఆనించి ఉంచేవాడు. ఎవరైనా తొందరపడి మాట్లాడితే ఆ కాలు మెల్లగా కిందికి నొక్కుకునేది.

ప్రార్థనలో ఆయన కళ్ళు మూసేవాడు కాదు. ఈ సంగతి నాకు ఒక ఆదివారం తెలిసింది. అందరూ తలలు వంచుకుని ఉన్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి చూశాను. తాత రెండు కళ్ళూ విప్పార్చి తిన్నగా ముందుకు చూస్తున్నాడు. చేతులు జోడించలేదు. పెద్ద స్టీరింగు పట్టుకున్నట్టు గాలిలో ఎడంగా పెట్టుకున్నాడు. పాస్టరు గారి ప్రార్థన రోగుల దగ్గర్నుంచి విద్యార్థుల వైపు మళ్ళగానే, ఆ చేతులు కూడా కొంచెం ఎడమకు తిరిగాయి.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“ప్రార్థనల కండ్లు తెరుస్తవేంది ఇంజనీరూ?”

“మీరు కూడా తెరిచే ఉన్నరు కద తాతా.”

“నేను డ్రైవర్ను. నేను మూసుకుంటె వెనక కూసున్నోళ్ళ గతేంది? నువ్వు ప్యాసింజర్‌వి. నువ్వు నిమ్మళంగ పండుకోవచ్చు.”

ఆ రోజుల్లో నా బాధ వేరే ఉంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఆ పని నాకు బాగానే వచ్చు. రోజూ ప్రార్థన చేసుకోవడం మాత్రం రాదు. ఆదివారం మందిరంలో నోరారా పాడిన గొంతు సోమవారం పొద్దున ఎక్కడికి పోయేదో తెలిసేది కాదు. నాది భక్తా, వారానికోసారి వచ్చే జలుబా అని నిజంగానే భయం పట్టుకుంది. నాకు భయం వేస్తే నేను పట్టిక గీస్తాను. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విన్నపం అని నాలుగు గళ్ళు. ఒక్కోదానికి ఇన్ని నిమిషాలు. చేసిన రోజుకు ఆకుపచ్చ, తప్పిన రోజుకు ఎరుపు. తోడుగా ఫోనులో ఒక యాప్. రోజూ ప్రార్థన చేస్తే అందులో ఒక పావురం ఎగురుతుంది. తప్పితే నేల మీద కూర్చుని నా వైపు చూస్తుంది. రెండో వారం వచ్చేసరికి పావురం నేల మీదే ఉండేది. అప్పుడు నేను ప్రార్థన మొదలుపెట్టే బదులు పట్టికను ఇంకా బాగు చేసేవాణ్ణి. చివరికి ఆ పట్టిక ఎంత బాగా తయారైందంటే, ఎవరికైనా చూపించకుండా ఉండలేకపోయాను.

తాతకు చూపించాను. కళ్ళజోడు పైకి జరిపి ఆసాంతం చూశాడు.

“టైం టేబుల్ మస్తుగుంది. బండేది?”

“బండి అంటే?”

“డిపోల గోడకు గూడ టైం టేబుల్ ఉంటది బిడ్డా. గోడ మీద ఎక్కి ఎవడన్న ఊరికి పోయిండా?”

నేను పట్టిక మూసేశాను. తాత బ్రేకు మీది కాలు తీశాడు.

మా మందిరం అంటే సీటు కవర్లు కుట్టే దుకాణం మీద ఉన్న గది. కింద ఆటోలకు, స్కూటర్లకు రెక్సిను సీట్లు తయారవుతాయి, పైన మేము మోకరిస్తాము. గదిలో ప్రతి రోజూ తెల్లవారి ప్రార్థన ఉంటుందని బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డు రాయించినప్పుడు గది నిండేదట. తర్వాత ఒకరికి షిఫ్టు మారింది. ఒకరికి పిల్లల టిఫిన్ డబ్బాలు అడ్డం వచ్చాయి. మిగిలినవాళ్ళు ఇంట్లో నుంచే ఫోనులో కలుస్తామన్నారు. కలిసేవాళ్ళు కూడా. కాకపోతే ప్రార్థన సగంలో ఫోనులోంచి ఎవరిదో గురక వినబడేది. అది ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు. ఆఖరికి గదికి వచ్చేది తాత ఒక్కడే అయ్యాడు.

పాస్టరు గారు మెత్తని మనిషి. మెత్తగానే చెప్పారు. “ఒక్కరి కోసం గది తెరుసుడెందుకు తాతా? ఇంట్ల చేసుకోండ్రి. దేవుడు ఇంట్ల గూడ వింటడు. రెండో మనిషి ఎవరన్న వస్తె చెప్పుండ్రి, తెరిచే ఉంచుదాం.”

ఆ సాయంత్రం తాత మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఇంట్ల నాతోని అయితలేదు బిడ్డా. నిన్న చేసి చూసిన. మోకాళ్ళేస్తె కోడలు ఏమన్న పోగొట్టుకున్ననా అని మంచం కింద వెతికింది. మనుమడు గుర్రమనుకోని వీపెక్కిండు. గుర్రం లెక్క ఎంతసేపని ప్రార్థన చేస్త?”

“ఇంకో గదిలో చేసుకోవచ్చు కద తాతా?”

“ఇంకో గదిల టీవీ ఉంది. గా టీవీ ముందట కూసుంటె నాకు దేవుడు గూడ సీరియల్ చూస్తున్నట్టె అనిపిస్తది.” పక్కన పెట్టిన చాయ్ చేతిలోకి తీసుకున్నాడు. “గా రూం బందయితె నా ప్రార్థన బందయితది. నా సంగతి నాకెర్క. నాకు రెండో మనిషి గావాలె. నీకు అలవాటు గావాలె. వస్తవా?”

అలారాలు పెట్టుకోవడం ఆ రాత్రే మొదలైంది.

మొదటి రోజు నేను వెళ్ళేసరికి తాత గది ఊడ్చి, కుర్చీ వేసుకుని, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఉన్నాడు. కుడికాలితో నేల మీద రెండుసార్లు గట్టిగా తట్టాడు. “రైట్, రైట్” అన్నాడు. కండక్టరు రెండుసార్లు బెల్లు కొడితే బస్సు కదలాలని నాకూ తెలుసు. దేవుడి సన్నిధికి కూడా అలాగే బయల్దేరతారని తెలియదు.

ఆయన ప్రార్థన నడిచేది రూటు మీద. ఎన్నో ఏళ్ళు నడిపిన రూటు. చాంద్రాయణగుట్ట స్టాపులో బండి ఆగుతుంది. అక్కడ తన కొడుకు, కోడలు, గుర్రపుస్వారీ మనుమడు, కూరగాయల బండి ఆమె, ఫ్లైఓవరు కింద పండుకునేవాళ్ళు. ఒక్కొక్కరినీ పేరుతో, పేరు తెలియకపోతే గుర్తుతో ఎక్కించుకునేవాడు. “ప్రభువా, గా ఎర్ర స్వెటర్ ఆయన, నీకు తెల్సు.” తర్వాత చార్మినారు వైపు. పత్తర్‌గట్టిలో గడియారాల దుకాణం బట్టతలాయన, ఆయనతో రోజూ లొల్లి పెట్టుకునే తమ్ముడు. తిరుగు దారిలో బహదూర్‌పురా. అక్కడ జూ కాపలావాళ్ళ కోసం చేసి, గొంతు కొంచెం తగ్గించి, లోపలున్న సింహం కోసం కూడా చేసేవాడు. పొద్దున మొదటి ట్రిప్పులో దాని అరుపు వినబడేదట. “ముసలిదయి ఉంటది ప్రభువా. పండ్లు ఊడకుండ మంచిగుంచు.”

కొన్ని స్టాపుల్లో ఆయనకు తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. అయినా ఆగేవాడు. పేరు పలికి, కాసేపు చేతులు కదలకుండా పట్టుకుని, మళ్ళీ కదిలేవాడు.

“తాతా, అక్కడ ఎవరూ లేనప్పుడు ఎందుకు ఆగుడు?” అని అడిగాను.

“ఎవరూ ఎక్కకున్న ఆపాలె. ఎవడు పరుగెత్తుకుంట వస్తుండో నీకేం తెల్సు?”

ఆఖరి స్టాపు డిపో. అది తనకోసం. “డ్రైవర్ గూడ దిగాలె కద” అని తన మోకాళ్ళ సంగతి, తన కోపం సంగతి చెప్పుకుని, ఆమేన్ అని, నేల మీద ఒక్కసారి తట్టేవాడు. ఒక్క బెల్లు అంటే బండి ఆగింది.

ఇంత రూటుకూ ఆయనకు టైం ఉంది. భక్తి పొంగిందని దాటేవాడు కాదు, నిద్ర వస్తోందని తగ్గించేవాడు కాదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ప్రసంగీకులు ఎవరైనా మైకు పట్టుకుని పొడుగ్గా ప్రార్థిస్తుంటే, బస్సు ఆపమనే కండక్టరు కేక తాత గొంతులో వెనక వరుసలోంచి నెమ్మదిగా వినబడేది. “హోల్డాన్... హోల్డాన్...”

ఒక నెల పోయాక నాకు ఒక సాంకేతిక లోపం కనబడింది. బోర్డు మీద సమయం ఒకటే. తాత వచ్చే సమయం మాత్రం మెల్లమెల్లగా జరుగుతోంది. నా అలారాలు కుదరడం లేదు. విచారిస్తే తేలింది, తాత ఇంట్లో అలారం లేదు. ఫోనులోనూ పెట్టుకోడు. సందు చివర మసీదు నుంచి తెల్లవారి అజాన్ వినగానే లేచి, మొహం కడుక్కుని, వచ్చేస్తాడు. సూర్యుడితో పాటు అజాన్ జరుగుతుంది, అజాన్‌తో పాటు మా సంఘం ప్రార్థన జరుగుతోంది.

“తాతా, ఇది మన టైమింగ్ కాదు కద?”

“లేపెటోడు ఎవడైతేంది బిడ్డా? లేసినంక ఎవలింటికి వాళ్ళు పోతున్నం.”

ఇక భాయ్ సంగతి. కింది దుకాణం ఆయనదే. తాత ఈడువాడే. తెల్లవారి ఫజర్ నమాజుకు మసీదుకు వెళ్ళి, తిరిగి వచ్చి, షట్టరు సగం ఎత్తి లోపల తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంటాడు. పైనుంచి రెండు తట్లు వినబడితే మేము బయల్దేరామని లెక్క. ఒక్క తట్టు వినబడగానే లేచి, ఎదురుగా ఉన్న హోటలు వైపు అరిచేవాడు. “ఏక్ చాయ్, వన్ బై టూ!” ఒక కప్పు చాయ్ రెండు కప్పుల్లో సగం సగం వచ్చేది. ఇద్దరికీ పూర్తి కప్పు తాగే తాహతు లేక కాదు. పూర్తి కప్పు అయితే తాగి లేచిపోతారు, సగం అయితే ఇంకో సగం చెప్పుకోవచ్చు.

వాళ్ళిద్దరి మధ్య ఒక నియమం ఉంది. ఏ రోజైనా ఒకరు తప్పితే, అంటే తాత మెట్లెక్కకపోయినా, భాయ్ మసీదుకు వెళ్ళకపోయినా, తప్పినవాడు చాయ్ అయిపోయేదాకా నోరు తెరవకూడదు. రెండోవాడు మాట్లాడుతూనే ఉంటాడు. ఇది వినడానికి చిన్న శిక్షలా ఉంటుంది. వాళ్ళిద్దరిలో ఎవరినైనా చాయ్ ముందు చూసినవాళ్ళకు దాని బరువు అర్థమవుతుంది. ఒకసారి భాయ్ జ్వరంతో లేవలేక మసీదుకు వెళ్ళలేదు. ఆ రోజు తాత ఊరికే ఉండకుండా, సీటు కవర్లు కుట్టడం ఎలాగో భాయ్‌కి నేర్పించడం మొదలుపెట్టాడు. అన్నీ తప్పులే చెప్పాడు. భాయ్ మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, “హౌలే! కుట్టు గట్ల వేస్తరా ఎవరన్న?” అని అరిచాడు.

నాలుగు గళ్ళ పట్టిక చేయలేనిది ఎలా జరుగుతోందో నాకు అప్పుడు తెలిసింది. తాతను అడిగితే దాచలేదు.

“పాస్టరయ్య ‘ఎందుకు రాలే’ అంటె ఏదన్న చెప్పొచ్చు. దేవుడు క్షమిస్తడు. భాయ్ క్షమించడు. గాయన దినాం పోతుండంగ నేను పండుకుంటె, నా దేవుని ఇజ్జత్ ఏం గావాలె?”

భాయ్‌ని అడిగితే ఆయనా అదే మాట చెప్పాడు, వైపు మార్చి. “డ్రైవర్ సాబ్ మోకాళ్ళ నొప్పిల గూడ మెట్లెక్కుతడు. కింద నేను కంబల్ కప్పుకోని పండుకుంటె బాగుంటదా?”

ఆ మోకాళ్ళ కోసమే భాయ్ ఒక మెత్త కుట్టి ఇచ్చాడు. ఆటో సీటులోంచి మిగిలిన స్పాంజి, పైన చిరుతపులి మచ్చల రెక్సిను. మందిరంలో దాన్ని చూసి పాస్టరు గారు వంగి ఒకసారి వేలితో తాకి చూశారు.

“ఇక్కడ చిరుతపులి ఏంది తాతా?”

“జలప్రళయమప్పుడు ఓడల ఎక్కించుకోలేదా అయ్యగారూ?”

చిరుతపులి ఉండిపోయింది.

ఇదంతా బాగానే నడిచింది, ఆ వాన పడేదాకా. అప్పటికి ఫోనులో కలిసే ప్రార్థన బాగా జరుగుతోందనీ, గది సంగతి మళ్ళీ ఆలోచించాలనీ సంఘంలో మాట వచ్చింది. పాస్టరు గారు తాతతో, “ఏదో ఒక పొద్దున నేను చెప్పకుండ వస్త. మీరిద్దరు ఉంటున్నరని నా కండ్లతోని చూస్తె, ఇగ ఎవరడిగినా నేనే జవాబు చెప్త” అన్నారు. తాత ఆ వారమంతా రోజూ మెట్లు కూడా కడిగాడు.

ఆ రాత్రంతా కుండపోత. ట్రాన్స్‌ఫార్మరు పేలి బస్తీ మొత్తం చీకటి. నా ఫోను ఛార్జింగు లేక చచ్చిపోయింది, దానిలోని నాలుగు అలారాలతో సహా. మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి వెలుతురు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాను. సందు మలుపు తిరిగేసరికి ముందు తాత కనబడ్డాడు. పిక్కల దాకా నీళ్ళలో, లుంగీ ఎత్తిపట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా నడుస్తున్నాడు. మందిరం మెట్ల దగ్గరికి వెళ్ళాడు. కొన్ని మెట్లు ఎక్కాడు. అటూ ఇటూ చూశాడు. అక్కడే వెనక్కి తిరిగి, ఇప్పుడే ప్రార్థన ముగించుకున్న మనిషిలా ముఖం తుడుచుకుంటూ, ఎంతో గంభీరంగా దిగడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మసీదు వైపు సందులోంచి భాయ్ వచ్చాడు. ఆయన నడక కూడా చాలా నెమ్మదిగా, శాంతంగా ఉంది. ఇద్దరూ షట్టరు ముందు ఎదురుపడ్డారు.

“సలాం డ్రైవర్ సాబ్.”

“సలాం భాయ్.”

“వాన బాగ పడ్డది.”

“మస్తు పడ్డది.”

‘పోయి వచ్చినవా’ అని రోజూ మొదట అడిగే మాట ఇద్దరూ అడగలేదు. నేను రొప్పుతూ వెళ్ళి, “తాతా, సారీ, మెలకువ రాలే. అయిపోయిందా?” అన్నాను. తాత నా వైపు చూసిన చూపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను.

భాయ్ చూపు తాత లుంగీ మీద పడింది. తాత ప్యాంటు లేకుండా మెట్లెక్కడని ఆయనకు తెలుసు. తాత చూపు భాయ్ చేతి మీద పడింది. తస్బీ పట్టుకున్నట్టు పట్టుకుని, వేళ్ళతో తిప్పుతున్నాడు. తస్బీ కాదు. కొలత టేపు. చీకట్లో చేతికి అందింది తీసుకుని వచ్చేశాడు.

“భాయ్,” అన్నాడు తాత, “ఇయ్యాల మసీదుల సీటు కొలతలు తీస్కున్నరా?”

భాయ్ టేపు వైపు చూసుకున్నాడు. “ఔర్ ఆప్? లుంగీ మీదనే డ్యూటీ ఎక్కిన్రా?”

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. ఇద్దరూ షట్టరు పట్టుకుని, నీళ్ళలో నిలబడి, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వారు. తేలిందేమిటంటే, కరెంటు పోయి మసీదు మైకు పలకలేదు. ఇన్వర్టరు నీళ్ళలో మునిగింది. దూరపు మసీదుల అజాన్ రేకుల మీద వాన చప్పుడులో వినబడలేదు. భాయ్ లేవలేదు, తాత లేవలేదు.

ఆ నవ్వు మధ్యలో స్కూటరు చప్పుడు. పాస్టరు గారు.

తాత నవ్వు ఆగిపోయింది. లుంగీ కిందికి వదిలేశాడు. అది నీళ్ళలో తేలింది.

“ప్రార్థన అయిపోయిందా తాతా?” అన్నారు పాస్టరు గారు, హెల్మెట్ తీయకుండానే.

అయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు. తాత కుడికాలు నీళ్ళలోనే కిందికి నొక్కుకోవడం నాకు కనబడింది.

“కాలేదు అయ్యగారూ,” అన్నాడు. “ఇప్పుడే లేసిన. ఇంజనీరు గూడ ఇప్పుడే వచ్చిండు. మీ మాట ప్రకారం చూస్తె ఇగ రూం బందు వెట్టాలె. వెట్టుండ్రి. అబద్ధం మాత్రం నేను జెప్ప.”

తాళంచెవి జేబులోంచి తీశాడు. ఇచ్చేయడానికి చెయ్యి చాపాడు.

అప్పుడు భాయ్ ముందుకొచ్చాడు. టేపు మెడలో వేసుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, మసీదు కమిటీ తరఫున వచ్చినవాడిలా నిలబడ్డాడు.

“పాదరీ సాబ్, మాఫ్ చెయ్యుండ్రి. గల్తీ మాది. మా మైకు కరాబైంది. మా అజాన్ రాలే, అందుకే మీ ప్రార్థన కాలే. రేపటి నుంచి ఇన్వర్టర్ పైన వెడతం. జిమ్మేదారీ నాది.”

పాస్టరు గారు హెల్మెట్ తీశారు. “అజాన్ రాలేదా?” అన్నారు ఆశ్చర్యంగా. “అదీ... అందుకేనా నాకు గూడ...” అని ఆగిపోయారు.

ముగ్గురం ఆయన వైపు చూశాము. నేను తప్పులు వెతికే ఉద్యోగస్థుణ్ణి కాబట్టి ముందుగా నాకే కనబడింది. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కున్నారు. కుట్లన్నీ బయటికి ఉన్నాయి.

“మీరు గూడనా అయ్యగారూ?” అన్నాడు తాత చాలా మృదువుగా.

పాస్టరు గారు ఆకాశం వైపు చూశారు. “పైకి పదండ్రి,” అన్నారు. భాయ్ తన నమాజు తాను ఆలస్యంగానైనా చదువుకోవడానికి లోపలికి వెళ్ళాడు. మేము ముగ్గురం మెట్లెక్కాము. ఆ రోజు పాస్టరు గారి ప్రార్థన చాలా చిన్నది. ఎక్కువ భాగం ఒప్పుకోలే.

ఆ తర్వాత చాయ్‌కి నలుగురం కూర్చున్నాము. నియమం పాస్టరు గారికి కూడా చెప్పారు. అందరమూ తప్పాము కాబట్టి అందరమూ నోరు మూసుకోవాలి. నాలుగు సగం కప్పుల ముందు నలుగురం, తలలు వంచుకుని, ఒక్క మాట లేకుండా. గల్లా దగ్గర కూర్చున్న హోటలాయన కాసేపు చూసి, చూసి, భయపడి అడిగాడు. “ఏమైంది భాయ్? ఎవరన్న పోయిన్రా?”

చాయ్ ఇంకా ఉంది. జవాబు చెప్పడానికి వీల్లేదు. తాత నోరు చేత్తో మూసుకున్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

గది బంద్ సంగతి పాస్టరు గారు మళ్ళీ ఎత్తలేదు.

తాత పోయింది ఒక మధ్యాహ్నం. అన్నం తిని, కుర్చీలో, కుడికాలు ముందుకు పెట్టుకుని. కోడలు మాకు కబురు చెబుతూ, “కండ్లు మూసుకొనే ఉన్నడు, నేను పండుకున్నడనే అనుకున్న” అంది. భాయ్ అది విని, “డ్యూటీ దిగిండు కద” అన్నాడు. సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థిస్తుంటే నేను కళ్ళు తెరిచే ఉంచాను. ఎదురుగా అరచేతులు చాపి నిలబడ్డ భాయ్ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఇద్దరం చూపు తిప్పుకున్నాము.

మర్నాడు పొద్దున అలారాలన్నీ మోగాయి. ‘తాత మెట్లెక్కుతున్నాడు’ అన్నది కూడా మోగింది. దాన్ని ఆపి పడుకున్నాను. నిద్ర రాలేదు. తెల్లారాక హోటలుకు వెళ్ళాను. భాయ్ ఎప్పటి బల్ల దగ్గరే ఉన్నాడు. ముందు రెండు సగం కప్పులు. ఒకటి ఎదుటి ఖాళీ కుర్చీ ముందు ఉంది. గల్లా ఆయన ఈసారి ఏమీ అడగలేదు.

“భాయ్...” అని ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

“పైకి పోయినవా?”

“లేదు భాయ్.”

“అంటె తప్పినవ్. ఆయన గూడ తప్పిండు. నేను మసీదుకు పోయి వచ్చిన. రూల్ యాదికి ఉంది కద? కూసో.”

కూర్చున్నాను. భాయ్ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

“ఇన్నేండ్ల నుంచి నాకు ఛాన్సే ఇయ్యలే ఈ మనిషి. ఆ వాననాడు తప్ప ఎప్పుడూ తప్పలే, ఆనాడు నేను గూడ తప్పిన. ఇయ్యాల దొరికిండు. ఇయ్యాల నేను మాట్లాడుత, డ్రైవర్ సాబ్, నువ్వు విను.” చాయ్ ఒక గుక్క తాగాడు. “నీ ప్రార్థన మొత్తం కిందికి వినబడేది. తెల్సా? రూటంత నాకు యాదికున్నది. నా దుకాణం స్టాపుల దినాం ఆపి, నా మోకాళ్ళ గురించి దువా చేసినవ్. మోకాళ్ళు మాత్రం గట్లనే ఉన్నయ్. గా మాట నీకు చెప్పాలె అనుకున్న, పాపం బాధపడ్తవని చెప్పలే. నా చిన్న బిడ్డ పెండ్లి కుదిరేదాక గూడ దినాం ఆపినవ్. నేను నీకు చెప్పనే లేదు, నీకెట్ల తెల్సిందో. ఇంకోటి. చిరుతపులి రెక్సిన్ నేను కావాలనే వేసిన. పాదరీ సాబ్ మొహం చూడాలె అని.”

ఇంకా చాలా చెప్పాడు. కొన్ని నవ్వుతూ, కొన్ని ఆగి ఆగి. నేను మాట్లాడలేదు, నియమం అది. తాత కూడా మాట్లాడలేదు. భాయ్ కప్పులో అడుగున కొంచెం చాయ్ మిగిలింది. దాన్ని చాలాసేపు తాగలేదు.

ఆఖరికి తాగేసి, కప్పు బోర్లించి, జేబులోంచి మందిరం తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. తాత కోడలు పొద్దున్నే ఆయనకు ఇచ్చి వెళ్ళిందట.

“చాయ్ అయిపోయింది,” అన్నాడు. “ఇగ మాట్లాడొచ్చు.”

తాళంచెవి తీసుకుని లేచాను.

మరుసటి పొద్దున అజాన్ వినబడగానే వెళ్ళాను. గది ఊడ్చాను. చిరుతపులి మెత్త గోడకు ఆనించి ఉంది. దాని మీద మోకరించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జోడించి, విడదీసి, మళ్ళీ జోడించి, అలాగే ఉండిపోయాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

కిందనుంచి, దుకాణం పైకప్పు మీద, దేనితోనో గట్టిగా రెండుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది.

చేతులు ఎడంగా పెట్టుకుని బయల్దేరాను. చాంద్రాయణగుట్ట, ఎర్ర స్వెటర్ ఆయన, పత్తర్‌గట్టి, గడియారాల అన్నదమ్ములు, బహదూర్‌పురా, సింహం. కొన్నిచోట్ల పేర్లు మర్చిపోయి గుర్తులు చెప్పాను. నా స్టాపు ఒకటి కొత్తగా కలిపాను. ఆఖరున డిపో వచ్చింది. అక్కడ దిగాల్సిన డ్రైవరు లేడు. అయినా ఆపాను.

ఆమేన్ అని, నేల మీద ఒక్కసారి తట్టాను. షట్టరు పైకి లేచిన చప్పుడు, వెంటనే రోడ్డవతలికి వినబడేంత గొంతు.

“ఏక్ చాయ్! వన్ బై టూ!”